గాలిమిషను ఏ వీధిలో ఉంది?

గోనెపూడి పురపాలక సంఘానికి ప్రభుత్వం వారు గాలిని కొలిచే మిషనొకటి పంపించారు. దాన్ని ఊళ్ళో ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఆఫీసులో వారాల తరబడి చర్చ జరిగింది. రైసుమిల్లుల దగ్గర పెడదామంటే ఊక బూడిద పడి మిషను పాడైపోతుందన్నారు. చెత్తదిబ్బ పక్కన పెడదామంటే ఆ పొగకి మిషను తట్టుకోలేదన్నారు. లారీలు తిరిగే రోడ్డు మీదైతే దుమ్ము. మనుషులు ఉండే చోట్లు చాలావరకు మిషను ఉండటానికి పనికిరావని తేలాక, చివరికి దాన్ని మేదర వీధిలో సీతారత్నం ఇంటి డాబా మీద పెట్టారు. అక్కడ గాలి బాగుంటుందని కాదు. ఆ డాబా మెట్లు వెడల్పుగా ఉండి మోసేవాళ్ళకి సుఖంగా ఉంటాయని.

సీతారత్నం సాయంత్రమయ్యేసరికి అరుగు మీద ఊకపొయ్యి రాజేసి మిరపకాయ బజ్జీలు, పునుగులు వేసేది. మొగుడు గంగరాజు వయసులో ఉన్నన్నాళ్ళూ రైసుమిల్లులో బస్తాలు మోశాడు. బస్తాలు వీపు మీద నుంచి దిగిపోయాయి గానీ తవుడు మాత్రం ఊపిరితిత్తుల్లో ఉండిపోయింది. పడుకుంటే ఆయాసం. అందుకని ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు గోడకి దిండు ఆనించి, కూర్చునే కునుకు తీసేవాడు.

మిషను బిగించిన రోజున కమిషనరు విశ్వంభరరావు గారు స్వయంగా వచ్చారు. మిషను అంటే మరీ పెద్దదేం కాదు. పెళ్ళికి పెట్టే సూట్‌కేసంత తెల్లటి పెట్టె, నెత్తిన ఎండకి నడిచే పలక, ముందువైపు అంకె కనపడే చిన్న అద్దం. గాలి బాగుంటే అంకె పచ్చగా, పాడైతే ఎర్రగా వెలుగుతుంది. ఆ అంకె ఏ తీగా లేకుండానే కమిషనరు గారి బల్ల మీదికీ, అక్కడి నుంచి రాజధానికీ పోతుంది.

"ఇది గాలిని బాగుచేస్తుందాండి?" అని సీతారత్నం అడిగింది.

"లేదమ్మా. ఎంతమేరకు కలుషితమైనదో శాస్త్రీయంగా నిర్ధారిస్తుంది" అన్నారు కమిషనరు గారు.

"ఆ మాట మా ఆయన్ని అడిగినా చెబుతాడు కదండి!"

అరుగు మీద కూర్చున్న గంగరాజు తన వంతుగా దగ్గి చూపించాడు. కమిషనరు గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, డాబా ఎక్కి, రిబ్బను కత్తిరించి దిగిపోయారు. మిషను ఎర్రగా వెలిగింది. ఊళ్ళో ఎవరికీ ఆశ్చర్యం కలగలేదు.

కొన్నాళ్ళపాటు ఎవరూ దాని జోలికి వెళ్ళలేదు. తర్వాత రాజధాని నుంచి కబురొచ్చింది. ఆ ఏడాది నుంచి గాలి అంకె అందరికన్నా తక్కువ ఉన్న ఊరికి 'శ్వాసశ్రీ' అనే బిరుదు ఇస్తారట. బిరుదొచ్చిన ఊరి కమిషనరు గారిని, గాలి ఎలా ఉండాలో చూసి రమ్మని, ఎక్కడో మంచు కురిసే దేశానికి పంపుతారట.

విశ్వంభరరావు గారు వెంటనే శానిటరీ ఇన్‌స్పెక్టరు కోదండపాణిని పిలిపించారు. కోదండపాణి ఊరంతా స్కూటరు మీద తిరిగే మనిషి. ఆ తిరగడం వల్ల అతనికీ దగ్గుంది.

"సంఖ్య తగ్గవలెను" అన్నారు కమిషనరు గారు.

"గాలి శుభ్రం కావాలంటేనండి, ముందు ఆ చెత్తదిబ్బ మంటలు..."

"కోదండపాణీ, నేను గాలి ప్రస్తావన తీసుకురాలేదు. సంఖ్య గురించి మాట్లాడుచున్నాను."

కోదండపాణికి అర్థమైంది. ఆ మధ్యాహ్నమే సీతారత్నం గుమ్మంలో స్కూటరు ఆపాడు.

"అమ్మా, ఇందాక భోజనాల ముందు మీ ఇంట్లో ఏం జరిగింది?"

"ఏం జరుగుద్దండి? పప్పులో తాలింపు పెట్టాను."

"ఎండుమిరపకాయలు వేశారా?"

"వెయ్యకుండా తాలింపేంటండి?"

"అదే కొంప ముంచిందమ్మా. అంకె ఒక్కసారిగా ఎగిరింది. కమిషనరు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు."

మర్నాడు మేదర వీధిలో గోడగోడకీ కాగితం అంటించారు. వీధి నివాసితులు తాలింపు, వేపుడు, అగరుబత్తి, సాంబ్రాణి, దోమలచుట్ట ఇత్యాది ధూమోత్పాదక కార్యకలాపాలను తక్షణ ప్రాతిపదికన నిలిపివేయవలెనని, ఉల్లంఘించిన వారి వంటగదులు క్షేత్రస్థాయిలో పరిశీలించబడునని అందులో ఉంది. కోదండపాణి నిజంగానే పూటపూటా ముక్కు పైకెత్తి వీధంతా ఒక చుట్టు తిరిగేవాడు. తాలింపు లేని చారు, వేయించని కూరలు తినీ తినీ మేదర వీధిలో మొగాళ్ళు పెళ్ళాల మీద విసుక్కోవడం కూడా మానేశారు. నోరు చప్పబడిపోయి తిట్టు కూడా రుచిగా వచ్చేది కాదు.

బజ్జీల బాణలి దించమన్నప్పుడు మాత్రం సీతారత్నం ఊరుకోలేదు. కొంగు నడుముకి చెక్కుకుని సరాసరి ఆఫీసుకి పోయింది.

"నా పొయ్యి ఆర్పేస్తే మేం ఏం తినాలండి? గాలా?"

కమిషనరు గారు ఆలోచించారు. ఫైలు తిరగేశారు. "నూనె పొగ నిషిద్ధం. కానీ ఆవిరి పర్యావరణహితం. ఆవిరి మీద ఉడుకు పదార్థములకు అనుమతి ఇవ్వబడును" అన్నారు.

"ఊకపొయ్యి మీదే ఆవిరి పెట్టుకోనా మరి?"

ఆయన ఉలిక్కిపడ్డారు. సీతారత్నం గ్యాసు కనెక్షను కోసం ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగిందో ఆ దేవుడికే తెలుసు. ఆ సాయంత్రానికి సిలిండరూ స్టవ్వూ ఆమె ఇంటికి వాటంతటవే వచ్చేశాయి. వీధిలో మిగతా ఊకపొయ్యిలవాళ్ళకి కూడా వచ్చేశాయి. ఆమె బజ్జీలు మానేసి ఆవిరి కుడుములు, ఇడ్లీలు మొదలెట్టింది. వచ్చినవాళ్ళు మొదట్లో మొహం ముడుచుకున్నారు. తర్వాత అల్లం పచ్చడి కోసం వచ్చారు. తర్వాత కుడుముల కోసమే వచ్చారు.

ఒక నిషేధం ఇంకో పని పుట్టించింది. దోమలచుట్టలు ఆపేసరికి వీధంతా కలిసి ఆఫీసు మీదికెళ్ళి, పోనీ దోమల్నయినా ఆపమంది. దోమల్ని ఆపాలంటే మురుక్కాలవ తీయించాలి. ఆ కాలవలో పూడిక తీయడం ఆ వీధిలో పుట్టినవాళ్ళెవరూ చూడలేదు. చూడటానికి పక్క వీధుల నుంచి కూడా జనం వచ్చారు. రోజూ ట్యాంకరొచ్చి రోడ్డు తడిపి పోయేది. లారీలన్నిటినీ జట్కాల వీధిలోకి మళ్ళించారు. చెత్తదిబ్బ దగ్గర కోలకి తువ్వాలు కట్టి ఒక మనిషిని నిలబెట్టి, అతనికి గాలివాటం పరిశీలకుడని పేరు పెట్టారు. తువ్వాలు మేదర వీధి వైపు ఎగిరితే మంట ఆర్పాలి. జట్కాల వీధి వైపు ఎగిరితే తగలబెట్టుకోవచ్చు.

అంకె మెల్లగా దిగింది. ఎరుపు పోయి పసుపొచ్చింది. ఒకరోజు కాసేపు పచ్చగా కూడా వెలిగితే కమిషనరు గారు ఆఫీసంతటికీ లడ్డూలు పంచారు.

ఆ రోజుల్లోనే ఒక తెల్లవారుజామున సీతారత్నం నిద్రలేచి చూస్తే, గోడకి ఆనుకుని ఉండాల్సిన గంగరాజు అక్కడ లేడు. కింద చాప మీద వెల్లకిలా బారుగా పడి ఉన్నాడు. నోరు కొద్దిగా తెరుచుకుంది. పిల్లికూతల్లేవు, గురక లేదు. ఆమె ఒక్క దూకున అతని పక్కకి చేరింది. వేలు అతని ముక్కు కింద పెట్టింది. వెచ్చగా గాలి తగిలింది.

"ఏంటే?" అన్నాడు గంగరాజు కళ్ళు తెరవకుండానే.

"పడుకున్నావా?"

"పడుకుంటే ఎందుకు లేపుతున్నావు మరి?"

ఆమె అక్కడే చతికిలబడి, నవ్వుతోందో ఏడుస్తోందో తనకే తెలియనట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ పొద్దున గంగరాజు చాలా పొద్దెక్కేదాకా లేవలేదు. లేచాక వీధి చివరిదాకా నడిచి, మధ్యలో ఎక్కడా ఆగకుండా తిరిగొచ్చాడు. వచ్చి, ఎవరో అడిగినట్టు, "ఆయ్, ఆగలేదు" అని చెప్పాడు.

గంగరాజే కాదు, వీధిలో చాలామందికి దగ్గులు తగ్గాయి. పిల్లలు బడి మానడం తగ్గింది. దీనివల్ల నష్టపోయినవాడు ఆర్‌ఎంపీ డాక్టరు సోమలింగం ఒక్కడే. ఆయన మేదర వీధి మొదట్లో ఎప్పట్నుంచో సూదిమందు వేస్తున్నాడు. ఇప్పుడు బెంచీ మీద ఆయనే కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. "ప్రజారోగ్యం పేరుతో ప్రజావైద్యుల పొట్ట కొడుతున్నారు" అని కమిషనరు గారికి మొరపెట్టుకుని, ఫలితం లేక, సామాను సర్దుకుని జట్కాల వీధికి మారిపోయాడు. అక్కడ బోర్డు కట్టీ కట్టకముందే బెంచీలు చాల్లేదు.

ఇంతలో మేదర వీధికి ఊళ్ళో ఇంకో రకంగా పేరొచ్చింది. ఎవరికి ఆయాసమొచ్చినా, "కాసేపు మేదర వీధిలో కూర్చోపెట్టండి" అనడం మొదలైంది. చుట్టాలు లేనివాళ్ళు చుట్టరికం కలుపుకున్నారు. అరుగుల నిండా జనం, వాళ్ళని దింపే ఆటోలు, ఆటోల పొగ. అంకె మళ్ళీ పసుపులోకి ఎక్కింది.

కమిషనరు గారు అత్యవసర సమావేశం పెట్టారు. "నిశ్వాస ప్రక్రియ ద్వారా కూడా వాయువు మార్పు చెందుతున్నది. బయటి వ్యక్తుల అనియంత్రిత శ్వాసను ఉపేక్షించరాదు" అన్నారు. దాంతో మేదర వీధి మొదట్లో కర్ర అడ్డం కట్టి కాపలా పెట్టారు. బయటివాళ్ళు లోపలికి రావాలంటే శ్వాస పాసు ఉండాలి. పాసు మీద ఎంతసేపు పీల్చుకోవచ్చో రాసి ఉంటుంది. పసిపిల్లలు కొంచెమే పీలుస్తారు గనక వాళ్ళకి సగం పాసు.

జట్కాల వీధి ఖాసింబీ, సీతారత్నం చిన్నప్పటి నుంచీ ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటారు. ఒకరోజు సాయంత్రం ఖాసింబీ మనవరాలు మున్నీని చంకనేసుకుని ఆ కర్ర దగ్గరికొచ్చింది. పిల్లకి డొక్కలు ఎగసిపడుతున్నాయి. పెదవులు వాడిపోయాయి. కాపలావాడు పాసేదన్నాడు. ఖాసింబీ దగ్గర లేదు. అక్కడే ఉన్న కోదండపాణి ఆ పిల్ల వంక చూసి, మొహం పక్కకి తిప్పుకుని, "నిబంధన అదమ్మా, నేనేం చెయ్యను" అన్నాడు.

సీతారత్నం ఇడ్లీ పాత్ర దించి పరిగెత్తుకొచ్చింది. కర్ర ఎత్తి వాళ్ళని లోపలికి లాక్కుంది. కాపలావాడు ఏదో అనబోయి ఆమె చేతిలో ఉన్న వేడి గరిటె చూసి మానుకున్నాడు. పిల్లని అరుగు మీద కూర్చోపెట్టి వీపు నిమిరారు. చాలాసేపటికి ఊపిరి సర్దుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి వదినా?" అని అడిగింది సీతారత్నం.

"మీ వీధి లారీలు మా గుమ్మం ముందు నుంచి పోతన్నాయి కదా వదినా, అప్పట్నుంచి. చెత్త కూడా గాలి మా మీదికి తిరిగితేనే అంటిస్తన్నారు. మొన్నటిదాకా మీ ఆయన కూర్చుని నిద్రపోయేవాడు కదా. ఇప్పుడు మా మున్నీ కూర్చుని నిద్రపోతంది."

ఖాసింబీ ఆ మాట ఎత్తిపొడుపుగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. అందుకే సీతారత్నానికి ఎక్కడో గుచ్చుకుంది. చాప మీద బారుగా పడుకున్న మొగుణ్ణి చూసుకుని ఆ తెల్లవారుజామున తను పడ్డ సంతోషం గుర్తొచ్చి, ఎవరి నోటి ముందు కూడో లాక్కుని తిన్నట్టు సిగ్గేసింది. తలెత్తి చూస్తే డాబా మీద మిషను పచ్చగా వెలుగుతోంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, కోదండపాణి ఇంట్లో కునుకు తీసే వేళ, సీతారత్నం మొగుణ్ణి డాబా మీదికి పిలిచింది.

"ఇది మొయ్యగలవా?"

గంగరాజు మిషను చుట్టూ ఒకసారి తిరిగి, "దీన్ని మొయ్యడమేంటే! బస్తాలో పావువంతు ఉండదు" అన్నాడు. తువ్వాలు చుట్టకుదురులా భుజానికేసుకుని మిషనుని ఎత్తుకున్నాడు. పైన దుప్పటి కప్పారు. వీధి మొదట్లో కాపలావాడు చూశాడు గానీ ఆపలేదు. వచ్చేవాళ్ళని ఆపమన్నారు తప్ప వెళ్ళేవాళ్ళని ఆపమని అతనికెవరూ చెప్పలేదు. గంగరాజు ఎక్కడా దించకుండా జట్కాల వీధిదాకా మోసుకెళ్ళి, ఖాసింబీ డాబా మీద ఎండేసిన మిరపకాయల మధ్య దాన్ని నిలబెట్టాడు. అప్పుడే ఊక లారీ ఒకటి కిందనుంచి పోయింది. మిషను భగ్గుమని ఎర్రబడింది.

సోమవారం పొద్దున కమిషనరు గారు తన బల్ల మీది అంకె చూసి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. మళ్ళీ చూసి జీపెక్కారు. మేదర వీధిలో తాలింపు వాసన లేదు, అగరుబత్తి లేదు. డాబా మీద మిషను కూడా లేదు.

కాసేపటికి అది ఖాసింబీ ఇంట్లో దొరికింది. కోదండపాణి రొప్పుతూ మెట్లెక్కి, "ఇది ప్రభుత్వ ఆస్తమ్మా!" అన్నాడు.

"కాదన్నానా అండి? ప్రభుత్వం ఊరంతటిదీ కదా, మా వీధి ఊళ్ళోది కాదా?" అంది ఖాసింబీ.

అక్కడికి వీధి ఆడవాళ్ళంతా చేరారు. మున్నీని ఎత్తుకున్న సీతారత్నం అందరికన్నా ముందుంది. మిషను తీయించబోయిన కమిషనరు గారికి అప్పుడొక నిబంధన గుర్తుకొచ్చింది. పోటీ జరిగే ఏడాదిలో మిషను ఉన్న చోటు నుంచి కదిలితే ఆ ఊరు పోటీలో లేనట్టే. మిషను పోయిందని పోలీసులకి చెబితే కదిలిందని ఒప్పుకున్నట్టు. వెనక్కి తెచ్చి పెట్టినా కదిలిందనే రాయాలి. ఆయన మిరపకాయల మధ్య నిలబడి తుమ్ముతూ దీర్ఘంగా ఆలోచించారు.

"మిషను కదలలేదు" అన్నారు చివరికి.

"మరి ఇక్కడికెలా వచ్చిందండి?" అన్నాడు కోదండపాణి.

"ఇది మేదర వీధి."

"జట్కాల వీధండి."

"కోదండపాణీ, మిషను మేదర వీధిలో ఉన్నదని రికార్డు చెప్పుచున్నది. మిషను ఇక్కడున్నది. కావున ఇది మేదర వీధి."

మధ్యాహ్నానికి జట్కాల వీధి మొదట్లో 'మేదర వీధి' అని కొత్త బోర్డు లేచింది. ట్యాంకరొచ్చింది. మురుక్కాలవలో పారలు దిగాయి. ఖాసింబీకి గ్యాసు కనెక్షనొచ్చింది. లారీలు తిరిగి సీతారత్నం గుమ్మం ముందుకొచ్చాయి. సోమలింగం డాక్టరు కట్టిన బోర్డు విప్పుకుని మళ్ళీ పాత గదికి అద్దె మాట్లాడుకున్నాడు.

నాలుగు రోజులకి మున్నీ వీధిలో గెంతుతోంది. గంగరాజు మళ్ళీ గోడకి జేరబడ్డాడు. సీతారత్నం అతని వీపు వెనక దిండు సర్దింది. ఆమె కళ్ళు ఎర్రబడటం గంగరాజు చూశాడు.

"ఏడవకే. అటుంటే నేను, ఇటుంటే ఆ పిల్ల. ఆ మిషను ఒక్కచోట కూర్చున్నన్నాళ్ళూ ఇంతే" అన్నాడు ఆయాసపడుతూ.

ఆ మాట సీతారత్నం మనసులో దిగింది. మర్నాడు ఖాసింబీ దగ్గరికి పోయింది. ఇద్దరూ కలిసి చేపల వీధికి పోయారు. అక్కడి నుంచి ఇంకో వీధికి. ఊళ్ళో ఆడవాళ్ళు అంత తొందరగా ఒక మాట మీదికి రావడం అంతకు ముందు ఎప్పుడూ జరగలేదు. ఊళ్ళో దగ్గు లేని ఇల్లు లేకపోవడమే కారణం. అప్పట్నుంచి మిషను ఒక డాబా మీద స్థిరంగా ఉండలేదు. ఒకసారి చాకలి మూటలో, ఒకసారి కొబ్బరికాయల రిక్షాలో, ఒకసారి సారె పంపుతున్నట్టు గంపలో పెట్టి పైన పళ్ళెం కప్పి మోసుకెళ్ళారు. అది ఎక్కడుంటే అక్కడ ఎర్రబడేది. కోదండపాణి దాన్ని వెతుక్కుంటూ స్కూటరు మీద పోవడం, వెనకే ట్యాంకరు, దాని వెనక 'మేదర వీధి' బోర్డు పట్టుకుని ఒక బంట్రోతు. కొంతకాలానికి గోనెపూడిలో ప్రతి వీధీ మేదర వీధే అయింది. పోస్టుమాను ఉత్తరాలన్నీ గుడి మెట్ల మీద పోసి, "ఎవరివి వాళ్ళు తీసుకోండి" అని సెలవు పెట్టాడు.

చివరికి ఒక సాయంత్రం విశ్వంభరరావు గారు జీపు వీధి చివర ఆపించి, ఒక్కరే నడిచొచ్చి సీతారత్నం అరుగు మీద కూర్చున్నారు. ఆమె ఆకులో రెండు కుడుములు పెట్టి ఇచ్చింది. తిన్నారు. మళ్ళీ పెట్టింది. అవీ తిన్నారు.

"అమ్మా, మీ వలన పరిపాలన స్తంభించినది" అన్నారు మూతి తుడుచుకుంటూ. "రేపు మిషను ఎచట ఉండునో ముందస్తుగా తెలియజేసినచో మేము తగు ఏర్పాట్లు చేసుకొనగలము."

"నాకేం తెలుసండి? పొద్దున్నే ఎవరింటి పిల్లకి దగ్గొస్తే వాళ్ళు పట్టుకుపోతారు."

"ఊరంతటినీ ఒకేసారి శుభ్రపరచుట సాధ్యము కాదు కదా!"

"లారీలు ఊళ్ళోకి రాకపోతే సగం పీడ పోద్దండి. ఊరి బయట కొత్త రోడ్డు వేశారు కదా. ముళ్ళకంప అడ్డమేసి ఎందుకుంచారు?"

"అది ప్రారంభోత్సవము కాని రోడ్డు. మంత్రివర్యులు తేదీ ఇవ్వలేదు. రిబ్బను కత్తిరించకుండా వాహనములను అనుమతించుట నిబంధనలకు విరుద్ధము."

"కత్తిరించకండి బాబూ. ముడి విప్పి మడిచి దాచుకోండి. ఆయన వచ్చినప్పుడు మళ్ళీ కట్టుకోవచ్చు."

కమిషనరు గారు చెయ్యి కడుక్కోవడం మర్చిపోయి ఆమె వంక చూస్తుండిపోయారు. మర్నాడు పొద్దున్నే రిబ్బను ముడి విప్పి, ఇస్త్రీ చేయించి, బీరువాలో పెట్టి తాళం వేయించారు. లారీలు ఊరి బయట నుంచి పోవడం మొదలెట్టాయి.

చెత్తదిబ్బ దగ్గర తువ్వాలు పట్టుకున్న మనిషికి పని లేకుండా పోయింది. మిషను ఏ దిక్కున ఉందో తెలియనప్పుడు గాలి ఎటు వీస్తే మాత్రం ఏం లాభం? తప్పనిసరై మంటలు శాశ్వతంగా ఆర్పారు. తడిచెత్త వేరు చేసి గుంటల్లో వేసి కుళ్ళబెడితే ఎరువవుతుందని ఏనాటి నుంచో ఆఫీసు గోడ మీద రాసి ఉంది. మొదటిసారిగా దాన్ని చదివి, అలాగే చేశారు. మిల్లుల గొట్టాలకి జల్లెడలు బిగించారు. ఇవన్నీ అయ్యాక ఇళ్ళలో తాలింపులు మొదలైనా అంకె పెద్దగా కదల్లేదు. ఇన్నాళ్ళూ నేరమంతా ఎండుమిరపకాయ మీద మోపినందుకు కోదండపాణి మాత్రం కొంచెం సిగ్గుపడ్డాడు.

గోనెపూడికి శ్వాసశ్రీ వచ్చింది. రాజధానిలో సభలో విజయ రహస్యమేమిటని అడిగితే విశ్వంభరరావు గారు, "సంచార పర్యవేక్షణ విధానం. ఇది మా కార్యాలయంలో రూపుదిద్దుకున్న ఆలోచన" అని చెప్పి, కోటు కుట్టించుకుని మంచు దేశానికి వెళ్ళిపోయారు. అక్కడ చలిగాలి పడక దగ్గు పట్టుకుందని తర్వాత తెలిసింది.

ఆయన ఆలోచన ప్రభుత్వానికి బాగా నచ్చింది. ఇకపై అన్ని ఊళ్ళలోనూ మిషను తిరుగుతూ ఉండాలని ఉత్తర్వు వచ్చింది. అందుకోసం ప్రతి ఊరికీ ఒక వ్యాను ఇచ్చారు. దాని మీద 'శ్వాసరథం' అని పెద్ద అక్షరాలతో రాసి, మైకు కట్టారు. రథం ఏ వారం ఏ వీధికి వస్తుందో, ప్రజలకు అసౌకర్యం కలగకుండా, ముందే పత్రికల్లో ప్రకటించాలని నిబంధన పెట్టారు. పాత మిషనుకి కాలం చెల్లిందని ఒక్క గీతతో కొట్టేశారు.

గోనెపూడికి కొత్త కమిషనరు వచ్చాడు. శ్వాసరథం వచ్చే రోజున ఆ వీధి అద్దంలా ఉండేది. రథం పచ్చగా వెలిగి, పాట వేసుకుంటూ వెళ్ళిపోయేది. నెల తిరక్కుండానే దగ్గరి దారని లారీలు ఒక్కొక్కటే జట్కాల వీధిలోకి దూరడం మొదలెట్టాయి. చెత్తదిబ్బ మీద ఒక మూల సన్నగా పొగ లేచింది.

ఒక సాయంత్రం కోదండపాణి సీతారత్నం అరుగు ముందు స్కూటరు ఆపాడు. కుడుములు తినలేదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"అమ్మా, ఆ పాత మిషను ఆఫీసు గోడౌన్లో లేదు. మీ దగ్గరుందా?"

"నా దగ్గరెందుకుంటుందండి? తిరుగుతోంది."

"ఇంకా పని చేస్తోందా?"

"ఆయ్! మొన్న ఎర్రగా వెలిగిందట. ఈసారి వెలిగితే దండ వేసి, ఆఫీసు ముందు బల్ల మీద పెట్టి, పేపరువాళ్ళని పిలుద్దామని మావాళ్ళు అనుకుంటున్నారు. నేనే వద్దంటున్నాను."

"ఏ వీధిలో ఉందో..."

"ఎక్కడో ఒకచోట ఉందిలెండి."

కోదండపాణి ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. ఆమె ఇడ్లీ పాత్ర మూత తీసి ఆవిరి వెనక్కి తప్పుకుంది. అతని మీసం కింద నవ్వులాంటిదేదో కదిలింది. "అయితే కమిషనరు గారికి అలాగే నివేదిస్తానమ్మా" అని స్కూటరెక్కాడు. మర్నాటి నుంచి లారీలు ఊరి బయటి రోడ్డు పట్టాయి. దిబ్బ మీద పొగ ఆరిపోయింది.

ఆ ఆదివారం సీతారత్నం జట్కాల వీధికి పోయింది. మొన్నటి వానలకి మిషను లోపలికి నీళ్ళు పోయి, దాని అద్దంలో పచ్చా ఎరుపూ ఏదీ వెలగడం లేదన్న సంగతి ఊళ్ళో ఇద్దరికే తెలుసు. ఖాసింబీ దాని మూత ఊడదీసి, లోపల గడ్డి పరిచి, పెరట్లో నీడన పెట్టింది. అందులో ఎర్రకోడి రెక్కలు విప్పుకుని కూర్చుంది.

"ఎంత చూపిస్తంది వదినా?" అని అడిగింది సీతారత్నం.

ఖాసింబీ కోడి కింద చెయ్యి పెట్టి తడిమింది.

"ఇవాళ్టికి ఆరు."